బంతాటగాళ్ళ పరీక్షకి నేను కూర్చున్న రోజు

ఇది జరిగి నాలుగేళ్ళయింది. అన్నీ తాజాగా గుర్తున్నప్పుడే రాసి ఉండాల్సింది. రాయకపోవడానికి కారణం బద్ధకం కాదు, తీరిక లేకపోవడమూ కాదు. అప్పటికి నాకు అక్షరాలు రావు. అరవై మూడేళ్ళు వచ్చేదాకా నేను రాసింది ఒక్క సంతకం. అది కూడా మా అమ్మాయి కాగితం మీద రాసిస్తే చూసి ముగ్గులా నేర్చుకున్నదే. ఎక్కడ మొదలుపెట్టాలో ఎక్కడ తిప్పాలో చేతికి తెలుసు. అందులో ఏ గీత ఏ అక్షరమో నాకు తెలియదు.

చిన్నప్పుడు మా అమ్మ పొగాకు గోడౌన్‌లో ఆకు ఏరడానికి వెళ్తే, చంటి తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని నేను ఆ గుమ్మం దగ్గర కూర్చునేదాన్ని. తమ్ముడు నడిచే వయసు వచ్చేసరికి నేను ఆకు ఏరే వయసుకి వచ్చాను. తర్వాత మేస్త్రినయ్యాను. నలభై మంది ఆడవాళ్ళని పనిలోకి తీసుకోవడం, ఎవరిని ఏ వరసలో కూర్చోబెట్టాలో చూడడం నా పని. దానికి చదువు అవసరం పడలేదు. లేదని తెలియకుండా చూసుకోవడానికి మాత్రం చాలా తెలివి అవసరమైంది.

నా తెలివంతా కళ్ళజోడులో ఉండేది. ఎవరైనా కాగితం చేతిలో పెడితే, "అయ్యో, కళ్ళజోడు మర్చిపోయాను, కాస్త చదివి పెట్టు" అనేదాన్ని. అందుకోసమే ఒక కళ్ళజోడు కొనుక్కున్నాను కూడా. లేని వస్తువుని మర్చిపోయానంటే ఎవరూ నమ్మరు. బ్యాంకులో, బస్టాండులో, చివరికి ఈ మిషిగన్‌లో మా అమ్మాయి ఇంటికి వచ్చాక నోవై ఊరి లైబ్రరీలో కూడా అదే మాట పనికొచ్చింది.

మా అమ్మాయి పెళ్ళిచూపుల్లో అబ్బాయి తల్లి, "వదినగారూ, మీరు ఎందాకా చదువుకున్నారు?" అని అడిగింది. నేను కళ్ళజోడు వెతుక్కునేలోపే మా అమ్మాయి, "ఐదో తరగతి" అనేసింది. ఆ మాట పదిహేనేళ్ళు నిలబడింది. మా అల్లుడు నన్ను ఐదో తరగతి పాసైన అత్తగారిగానే ఎంతో గౌరవంగా చూసుకున్నాడు.

అల్లుడు మంచివాడు. కార్ల బ్రేకులు తయారుచేసే కంపెనీలో ఇంజినీరు. ఒక్కటే అలవాటు. ఏ మనిషిని తలుచుకున్నా ముందు ఆ మనిషికి ఎంట్రన్స్‌లో వచ్చిన ర్యాంకు తలుచుకుంటాడు. "ఆయన పోయారట పాపం" అని ఎవరి గురించైనా చెబితే, "అయ్యో, మూడంకెల ర్యాంకర్ అండీ" అంటాడు.

ఇక ఈ ఫుట్‌బాల్ గురించి చెప్పాలి. ఇక్కడివాళ్ళు బంతి అంటారు గానీ అది గుండ్రంగా ఉండదు, పీచు తీయని కొబ్బరికాయలా ఉంటుంది. దాన్ని చేతులతో పట్టుకుని పరిగెత్తుతారు. కాలితో తన్నాల్సి వస్తే అందుకు ప్రత్యేకంగా ఒక మనిషిని పెట్టుకుంటారు. అయినా దాని పేరు ఫుట్‌బాలే. మా అల్లుడూ అతని స్నేహితులూ ఆ ఆట ఆడరు. సోఫాలో కూర్చుని ఆ ఆటగాళ్ళని కాగితం మీద పంచుకుంటారు. ఎనిమిది మంది, ఎనిమిది జట్లు. ఆదివారం టీవీలో ఎవరి వాటాకి వచ్చిన ఆటగాళ్ళు బాగా ఆడితే వాళ్ళకి పాయింట్లు. పంచుకునే రోజుని డ్రాఫ్ట్ అంటారు. అది ఆగస్టులో మా ఇంటి బేస్‌మెంట్‌లో జరుగుతుంది. బజ్జీలు నావి.

ఆ ఏడు ఎనిమిదో మనిషి ఉద్యోగం మారి టెక్సస్ వెళ్ళిపోయాడు. ఏడుగురితో ఆట కుదరదట.

"అత్తయ్యగారూ, మీరు ఊరికే పేరుకి కూర్చోండి. మీ జట్టు కూడా నేనే పిక్ చేస్తాను" అన్నాడు అల్లుడు.

ఈ వ్యవహారానికి పెద్ద ఒక పళ్ళ డాక్టరు. ఆయన్ని అందరూ కమిషనర్ అంటారు. ఆయన ఒప్పుకోలేదు. "ఒకే బుర్ర రెండు జట్లు నడిపితే అది కుట్ర కిందికొస్తుంది. ఆంటీ ఆడితే ఆంటీయే పిక్ చేయాలి" అన్నాడు. అలా నేను ఒక ఫుట్‌బాల్ జట్టుకి యజమానురాలినయ్యాను.

అల్లుడు లాప్‌టాప్‌ని టీవీకి తగిలించి నిలబడ్డాడు. ఆఫీసులో కూడా అలాగే నిలబడతాడు కాబోలు. "ఈ ఏడు నేను సైంటిఫిక్‌గా వెళ్తున్నాను. నిజం జట్లవాళ్ళు కాలేజీ కుర్రాళ్ళని తీసుకునే ముందు ఒక తెలివి పరీక్ష పెట్టేవాళ్ళు. పన్నెండు నిమిషాలు, యాభై ప్రశ్నలు. ఎవరికెన్ని మార్కులు వచ్చాయో కొంతమందివి నెట్‌లో బయటికొచ్చాయి. అన్నీ ఎక్సెల్‌లో పెట్టాను" అన్నాడు.

గదిలో అందరూ ఒక్కసారి ముందుకి వంగారు. ఎత్తు, బరువు, వేగం అంటే అంత వంగలేదు. మార్కులు అనేసరికి వంగారు.

స్నేహితుల్లో వరంగల్ అతను ఒకడున్నాడు, అందరికన్నా చిన్నవాడు. అతనొక్కడే వెనక్కి వాలాడు. "ఉరికేటోనికి మార్కులెందుకే అన్నా? బంతి పట్టుకోవాలె, ఉరకాలె. గంతే."

"క్వార్టర్‌బ్యాక్‌కి కావాలి కదండీ. వందల ప్లేలు, ఎత్తులు గుర్తుపెట్టుకోవాలి" అన్నాడు కమిషనర్. క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి ఎవరికి విసరాలో నిర్ణయించేవాడు. వాడు మా మేస్త్రి లాంటివాడు.

"గుర్తుపెట్టుకునుడు వేరు, మార్కులు వేరు. మెడిసిన్ ఎంట్రన్స్‌ల నీకు ర్యాంకెంత?"

"ఆ సంగతి ఇప్పుడెందుకు?"

"గందుకే పండ్లు పీకవడితివి."

నవ్వులు ఆగాక డ్రాఫ్ట్ మొదలైంది. అల్లుడు వరసగా మార్కులవాళ్ళని ఏరుకున్నాడు. సంబంధాలు చూస్తున్నట్టే ఉంది. "ఇతను చూడండి, పెద్ద యూనివర్సిటీ, నలభై దాటాయి" అంటాడు. "మరి పోయిన ఏడు ఆడించకుండా కూర్చోబెట్టారు కదా?" అని ఎవరైనా అంటే, "అది మేనేజ్‌మెంట్ ప్రాబ్లం" అంటాడు.

నా వంతు వచ్చింది. నాకు పేర్లు చదవడం రాదు, అంకెలు మాత్రం వచ్చు. కాబట్టి, "ఆ అబ్బాయిలు ఆడేది చూపించండి" అన్నాను. టీవీలో చూపించారు. పనిలోకి మనుషుల్ని ఎంచేటప్పుడు నేను ఎలా చూసేదాన్నో అలాగే చూశాను. పనిచేసేటప్పుడు కాదు, పనికి ముందూ వెనకా చూడాలి. పడినవాడు ఎలా లేచాడు, లేచి ఎటు చూశాడు. వాళ్ళలో ఒకడు బంతిని తన్నబోయే ముందు కిందికి వంగాడు. గడ్డిలోంచి ఏదో పుల్ల ఏరి పక్కకి పారేసి, చేయి ప్యాంటుకి తుడుచుకుని, అప్పుడు తన్నాడు.

"ఈ అబ్బాయి" అన్నాను.

"ఆంటీ, ఆయన కిక్కర్. కిక్కర్‌ని ఆఖరి రౌండ్‌లో తీసుకుంటారు."

"ఆఖరి దాకా ఉంటాడా?"

"ఉంటాడు. ఎవడూ ముట్టుకోడు."

"ఎవరైనా ముట్టుకుంటే?"

నేను తీసేసుకున్నాను. తర్వాత అవతలి జట్టువాణ్ణి చెయ్యిచ్చి లేపినవాణ్ణి తీసుకున్నాను. గడ్డం నెరిసిన ఒకాయన్ని తీసుకుంటే, ఆయన ఆట మానేసి రెండేళ్ళయిందన్నారు. పాత వీడియో పెట్టింది వాళ్ళు, నవ్వు నన్ను చూసి.

అంతా అయ్యాక శిక్ష సంగతి వచ్చింది. ఈ ఆటలో ఆఖర్న నిలిచినవాడికి శిక్ష ఉంటుంది. ముందటేడు ఆఖరివాడు ఫిబ్రవరిలో లుంగీ కట్టుకుని వాకిట్లో మంచు ఎత్తిపోశాడు. ఆయనకి ఆ తర్వాత నెల రోజులు దగ్గు.

"ఈ ఏడు టాపిక్‌కి తగ్గ శిక్ష" అన్నాడు కమిషనర్. "ఆఖరివాడు ఆటగాళ్ళు రాసే ఆ తెలివి పరీక్షే రాయాలి. జనవరి పాట్‌లక్‌లో, అందరి ముందర. మార్కులు మైకులో చదవాలి."

ఏడు చేతులు లేచాయి. నా చేతిలో బజ్జీల పళ్ళెం ఉంది. దాన్ని బల్ల మీద పెట్టాను.

ఆ రోజు నుంచి నాకు ఆ ఆట ఆట కాదు. పద్నాలుగు వారాలు. ఆఖర్న నిలిస్తే, అందరూ తలో వంటా తెచ్చుకుని కలిసి తినే ఆ పాట్‌లక్‌లో, నలభై కుటుంబాల ముందర చేతిలో కాగితం పెడతారు. కళ్ళజోడు మాట ఎంత దూరం వస్తుంది? నా పరువు పోతే పోయింది, ముసలిదాన్ని. పెళ్ళిచూపుల్లో అబద్ధమాడిన పిల్లగా మా అమ్మాయి తన మొగుడి ముందర నిలబడాలి.

ఆదివారాలు స్నానం చేసి టీవీ ముందు కూర్చునేదాన్ని. ఫోన్‌లో ఎవరిని ఆడించాలో ఎవరిని ఆపాలో నొక్కాలి. అది మా మనవరాలి పని. దానికి పదేళ్ళు. దానికి ఆటంటే చిరాకు, ఫోనంటే ఇష్టం.

"అమ్మమ్మా, నీ గై హర్ట్ అయింది. రెడ్ లెటర్ వచ్చింది."

"అయ్యో, ఎక్కడ తగిలిందట?"

"ఇక్కడ రాసుంది కదా. చూడు."

"కళ్ళజోడు పైన ఉండిపోయిందమ్మా."

అది నా ముఖం ఒక క్షణం చూసి, "నీ," అని కాళ్ళ వైపు చూపించేది. నీ అంటే ఇంగ్లీషులో మోకాలట. అల్లుడు వివరించాడు.

కిక్కర్ నా పరువు నిలబెట్టాడు. వారంవారం ఏడూ ఎనిమిదీ పది, ఎప్పుడూ ఏదో ఒకటి తెచ్చేవాడు. మిగతావాళ్ళు ఒకరి తర్వాత ఒకరు మోకాళ్ళు పట్టుకున్నారు. మర్యాదస్తుడని తీసుకున్నవాడు అవతలివాళ్ళని లేపడంలోనే పొద్దు గడిపేవాడు. అల్లుడి జట్టు మాత్రం నాకన్నా ఘోరం. నలభై మార్కులు దాటిన అతని క్వార్టర్‌బ్యాక్ బంతి పట్టుకుని ఆలోచించేవాడు. ఎడమవైపు చూసి ఆలోచించేవాడు, కుడివైపు చూసి ఆలోచించేవాడు. ఇంతలో ముగ్గురు వచ్చి మీద పడేవారు.

"చూశారా అత్తయ్యగారూ, ఆప్షన్లన్నీ కన్సిడర్ చేస్తున్నాడు" అనేవాడు అల్లుడు, కింద పడివున్న ఆ మనిషిని చూస్తూ.

మార్కులు పనికిరావని నేను అనను. అలా అనడం సుఖంగానే ఉంటుంది, ముఖ్యంగా మార్కులు లేనివాళ్ళకి. కానీ నేనూ పరీక్ష పెట్టినదాన్నే. పనికోసం వచ్చిన ప్రతి మనిషి చేతిలో గుప్పెడు ఆకు పెట్టి, కళ్ళు మూసుకుని మంచిదీ చెడ్డదీ వేరుచేయమనేదాన్ని. ఒకామె అంతా తప్పు చేసింది. వెనక్కి పంపేశాను. ఆమె పక్క గోడౌన్‌లో చేరింది. రెండేళ్ళు తిరక్కుండా అక్కడ నాలాగే మేస్త్రి అయింది. తర్వాత ఎప్పుడో అడిగితే, "అక్కా, ఆ రోజు పొద్దున పెనం కాలి వేళ్ళు బొబ్బలెక్కాయి" అంది. నేను వేళ్ళు చూడలేదు. ఆకు చూశాను. పరీక్ష తప్పు కాదు. అది ఆ పొద్దుటి వేళ్ళకి పెట్టిన పరీక్ష, ఆమెకి పెట్టింది కాదు.

ఈ సంగతి అల్లుడికి చెబుదామనుకున్నాను. అతను ఎక్సెల్‌లో ఏదో రంగు మారుస్తున్నాడు.

ఆఖరి వారానికి అట్టడుగున ఇద్దరమే మిగిలాం, అత్తా అల్లుడూ. ఆ వారం మా ఇద్దరికీ పోటీ. ఎవరు ఓడితే వాళ్ళది ఎనిమిదో స్థానం. ఒకే సోఫా మీద చెరో చివర కూర్చున్నాం. మా అమ్మాయి మధ్యలో కూర్చుని ఎవరి వైపూ చూడలేదు. వారంలో ఆఖరిదైన సోమవారం ఆట వచ్చేసరికి నేను నాలుగు పాయింట్లు ముందున్నాను. నా వాళ్ళందరి ఆట అయిపోయింది. అతనికి ఒక్కడే మిగిలాడు. డ్రాఫ్ట్ ఆఖరి రౌండ్‌లో వేరే గతిలేక, ముఖం చిట్లించి తీసుకున్నవాడు. మొత్తం ఎక్సెల్‌లో అందరికన్నా తక్కువ మార్కులు అతనివే.

ఆ అబ్బాయి ఆట అంతా ఊరికే నిలబడ్డాడు. నేను మనసులో దణ్ణం పెట్టుకుంటూనే ఉన్నాను. ఇంకా రెండు నిమిషాలుందనగా అతని చేతికి బంతి వచ్చింది. ఎడమవైపు చూడలేదు, కుడివైపు చూడలేదు. పరిగెత్తాడు. ఒకడు అడ్డం వస్తే వాణ్ణి గుద్దుకుని పరిగెత్తాడు. దాటితే ఆరు పాయింట్లు వచ్చే ఆ చివరి గీత దాటాక కూడా ఆగాలని తోచనట్టు గోడదాకా పరిగెత్తాడు.

అల్లుడు సోఫా మీదికెక్కి గెంతాడు. తర్వాత నన్ను చూసి దిగాడు.

"చూశారా," అన్నాడు ఆయాసపడుతూ, "మార్కులకీ ఆటకీ సంబంధం లేదండీ."

పాట్‌లక్ దగ్గరపడుతుంటే మా అమ్మాయి వంటింట్లో తలుపు దగ్గరికి వేసి, "అమ్మా, జ్వరమని చెప్పేద్దాం" అంది.

"మీ గుంపులో నలుగురు డాక్టర్లున్నారే. నలుగురూ తలో థర్మామీటరూ తెస్తారు."

"పోనీ, ఇంగ్లీషు రాదు అంటే సరి. అది నిజమే కదా. ఐదో తరగతికి ఇంగ్లీషు ఏమొస్తుంది?"

ఆ మాట మాకిద్దరికీ ఎంతో బలాన్నిచ్చింది. ఒక వారం హాయిగా నిద్రపోయాను. శుక్రవారం అల్లుడు ఆఫీసు నుంచి వస్తూనే ఒక కవరు తీసి, నా కాళ్ళకి దణ్ణం పెట్టినంత వినయంగా అన్నాడు. "అత్తయ్యగారూ, మీరు ఇబ్బంది పడతారని పేపర్ మొత్తం తెలుగులోకి మార్పించాను. కంప్యూటర్ చేసి ఇచ్చింది. ప్రింట్ కూడా తీయించాను."

మా అమ్మాయి చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. పదిహేనేళ్ళలో అల్లుడు నాకోసం చేసిన మంచిపనుల్లో అదే పెద్దది.

శనివారం మధ్యాహ్నం మా కాలనీ క్లబ్‌హౌస్‌లో పాట్‌లక్. బయట మోకాలి లోతు మంచు, లోపల ఇరవై రకాల కూరలు. భోజనాలు సగమయ్యాక మధ్యలో ఒక బల్ల, కుర్చీ వేశారు. టీవీలో పన్నెండు నిమిషాల గడియారం పెట్టారు. కమిషనర్ మైకు పట్టుకుని, "ఆల్ ది బెస్ట్ ఆంటీ" అన్నాడు. కాగితం నా ముందుకి వచ్చింది. గడియారం కదిలింది.

నేను స్వెటర్ తడుముకున్నాను. "అయ్యో, కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను."

నేను ఒక్క సంగతి మర్చిపోయాను. ఆ గదిలో మగవాళ్ళందరూ నలభై అయిదు దాటినవాళ్ళే. అల్లుడు తన కళ్ళజోడు తీసి ఇచ్చాడు. పెట్టుకుని, "ఇది ఆనడం లేదు బాబూ" అన్నాను. కమిషనర్ తనది ఇచ్చాడు. అదీ ఆనలేదన్నాను. వరంగల్ అతను, ఆ పక్కాయన, ఇంకో ఆయన. కమిషనర్ జేబులోంచి రెండో జత కూడా తీశాడు. బల్ల మీద ఏడు కళ్ళజోళ్ళు పోగయ్యాయి. ఒక్కొక్కటీ పెట్టుకుని, కాగితం వైపు చూసి, తల అడ్డంగా ఊపాను. ఏడోది గులాబీ రంగుది, ఎవరి భార్యదో. అది కూడా తీసి కింద పెట్టాను. ఇక పెట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. గడియారంలో తొమ్మిది నిమిషాలున్నాయి.

"నాకు చదవడం రాదు" అన్నాను.

ఎవరో నవ్వబోయి ఆపేశారు.

"ఇంగ్లీషా ఆంటీ? ఇది తెలుగే" అన్నాడు కమిషనర్, మైకులోనే.

"ఏదీ రాదు బాబూ. బడికి పోలేదు."

అల్లుడు మా అమ్మాయి వైపు తిరిగాడు. "ఐదో తరగతి అన్నారు కదా?"

"నేను అన్నాను. అమ్మ అనలేదు" అంది మా అమ్మాయి. దాని చేతిలో పెరుగుచట్నీ గిన్నె ఉంది. అది గిన్నె కింద పెట్టలేదు, తల దించలేదు.

నేను భూమిలోకి కుంగిపోతాననే అనుకున్నాను. కానీ వీళ్ళు ఇంజినీర్లు. ఎవరో, "కమిషనర్, మరి టైమ్ పాజ్ చేయాలి కదా?" అన్నారు.

"రూల్స్‌లో పాజ్ లేదండీ."

"ఎగ్జామినీకి చదవడం రానప్పుడు ఎగ్జామ్ వాలిడేనా?"

"తెలివి పరీక్ష కదా, చదువు పరీక్ష కాదు కదా."

"సదివి వినిపిస్తే ఏమైతది? ఇటియ్యి" అని వరంగల్ అతను కాగితం లాక్కున్నాడు. దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. "నాది తెలుగు మీడియమే. గని నా అద్దాలేవి? గీ ఏడింట్ల నాదేదో సమజైతలేదు."

మిగతావాళ్ళూ పోగు చుట్టూ చేరారు. ఎవరి కళ్ళజోడు ఎవరి ముక్కు మీదికి పోయిందో తెలియలేదు. అల్లుడికి ఆ గులాబీది దొరికింది. అది పెట్టుకుని కాగితం అందుకున్నాడు. "ము... ముగ్గురు... పు... పురు... ఇది షనా సనా? కం... కందక... కందకము అంటే ఏంటి?"

"నువ్వు చదవకుండానే ప్రింట్ తీశావా?" అంది మా అమ్మాయి.

"చూశాను. చదవలేదు. నాకు స్క్రిప్ట్ టచ్ పోయింది. ఇంటర్‌లో మార్కులకోసం సంస్కృతం తీసుకున్నాను కదా."

"నేనూ సంస్కృతమే" అన్నాడు కమిషనర్. "నేనూ" అన్నాడు ఆ పక్కాయన.

"తొంభై ఎనిమిది వచ్చాయి నాకు" అన్నాడు అల్లుడు.

"గిప్పుడు ఒక్క ముక్క జెప్పు సంస్కృతంల."

అల్లుడు ఆ గులాబీ కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు. గడియారంలో నాలుగు నిమిషాలు.

అప్పుడు మా మనవరాలు వచ్చి వాళ్ళ నాన్న చేతిలోంచి కాగితం తీసుకుంది. ఆదివారాలు దాన్ని తెలుగు క్లాసుకి ఏడిపించి పంపుతారు. అక్షరం మీద వేలు పెట్టి, అమెరికా యాసలో, ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ చదివింది. "ముగ్గురు పురుషులు ఒక కందకమును ఆరు దినములలో త్రవ్విన యెడల, ఇద్దరు పురుషులు ఎన్ని దినములలో త్రవ్వుదురు?" చదివి, "ఐ డోంట్ నో వాట్ ఐ రెడ్" అంది.

నాకు అర్థమైంది. అది నా పనే. "ఆ ముగ్గురిలో మేస్త్రి ఉన్నాడా?" అన్నాను.

"రాయలేదు" అంది మనవరాలు.

"మానేసినవాడు పనిచేసేవాడా, కబుర్లు చెప్పేవాడా?"

"అదీ రాయలేదు."

"పనిచేసేవాడైతే తొమ్మిది రోజులు. కబుర్లు చెప్పేవాడైతే ఐదే."

"ఒక్క ఆన్సరే ఇవ్వాలి ఆంటీ" అన్నాడు కమిషనర్.

"ఐదెలా అవుతుంది?" అన్నారు ఎవరో. "ఎందుకు కాదు? మా టీమ్‌లో ఒకణ్ణి తీసేస్తే రిలీజ్ ముందే అయింది" అన్నాడు ఇంకొకతను. "మట్టి ఎసొంటిదో చూడొద్దా?" అన్నాడు వరంగల్ అతను. ఆ వాదన తేలకముందే గడియారం కుయ్యిమంది.

నా మార్కుల మీద ఇంకో పది నిమిషాలు చర్చ జరిగింది. తొమ్మిది అన్నందుకు ఒకటి ఇవ్వాలనీ, ఐదు కూడా అన్నందుకు తీసేయాలనీ. చివరికి అర మార్కు అని కమిషనర్ తీర్పు చెప్పాడు. అల్లుడు ఒప్పుకోలేదు. ఆ గులాబీ కళ్ళజోడుతోనే లేచి నిలబడి, "పాయింట్ ఫైవ్ అంటే రౌండ్ అప్ చేయాలి. మా అత్తయ్యగారికి ఒకటి" అని గట్టిగా పోట్లాడాడు. యాభైకి ఒకటి. మైకులో చదివారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి చేతులు కడుక్కుని, సగంలో వదిలేసిన పెరుగన్నం తిన్నాను. తిన్నాక గమనించాను, దాచుకోవడానికి ఇక ఏమీ లేదని. పళ్ళెం చాలా తేలిగ్గా అనిపించింది.

ఇంటికొస్తుంటే కారు ఎర్రలైటు దగ్గర ఆగినప్పుడు అల్లుడు ముందుకే చూస్తూ, "ఎందుకు చెప్పలేదు నాకు?" అన్నాడు.

"నువ్వు అందరి ర్యాంకూ అడుగుతావు కాబట్టి" అంది మా అమ్మాయి.

"అత్తయ్యగారిది అడుగుతానా?"

"అడగవు. తలుచుకుంటావు."

లైటు పచ్చబడింది. అతను కారు కదపలేదు. "నేను నాదని చెప్పుకునే ర్యాంకు కూడా నాది కాదు. అది నా రూమ్మేట్‌ది" అన్నాడు.

"తెలుసు" అంది మా అమ్మాయి. వెనకవాడు హారన్ కొట్టాడు.

వెనక సీట్లో మనవరాలు నా స్వెటర్ జేబులో చెయ్యి పెట్టి కళ్ళజోడు బయటికి తీసింది. "ఇది ఎప్పుడూ ఇక్కడే ఉంటది. ఐ ఆల్వేస్ న్యూ, అమ్మమ్మా" అంది.

మర్నాడు ఆదివారం. తెలుగు క్లాసుకి మనవరాల్ని తీసుకెళ్ళడం, అది పాఠం చదువుకున్నంతసేపూ బయట నడవాలో మిగతా అమ్మమ్మలూ తాతయ్యలతో ఫ్లాస్కు పట్టుకుని కూర్చోవడం నాకు అలవాటు. ఆ పొద్దున ఫ్లాస్కు తీసుకెళ్ళలేదు. మనవరాలు దాని గదిలోకి వెళ్ళిపోయాక, నడవా చివర ఉన్న గదికి వెళ్ళాను. అది మొదటి తరగతి. తొమ్మిది మంది పిల్లలు, ఎవరికీ ఏడేళ్ళు నిండలేదు.

"ఎవరి అమ్మమ్మగారండీ మీరు? ఎవర్ని పిలవమంటారు?" అంది టీచరు.

"ఎవర్నీ వద్దమ్మా. చేరడానికి వచ్చాను."

ఆమె ఒక క్షణం నన్ను చూసి, హాజరుపట్టీలో తొమ్మిది పేర్ల కింద నా పేరు రాసింది. అక్కడా నాది ఆఖరి స్థానమే. కుర్చీ మరీ పొట్టిది, మోకాళ్ళు బల్ల కిందికి పట్టలేదు. పక్కకి తిరిగి కూర్చుని, ముందుగా జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాను.